బండి గుంజకపోతే పంపు జోలికి పోకండి

బరువులు లాగే డీజిల్ బండికి కొత్త పంపు ఎంచుకునేవాళ్ళ కోసం రాస్తున్న ఈ సలహాలు చాలావరకు తలకిందులుగా కనిపిస్తాయి. షెడ్డులో మేస్త్రీ చెప్పేదానికీ, స్పేర్ పార్ట్స్ అంగడిలో చెప్పేదానికీ అడ్డం తిరుగుతాయి. అయినా రాయక తప్పడం లేదు. కర్నూలు, నంద్యాల, కడప రోడ్ల మీద చెడిపోయిన లారీలను తగిలించుకొని వచ్చే రికవరీ బండ్లు, నాపరాళ్ళ ట్రాలీలను గుంజే ట్రాక్టర్లు, బోరు బండ్లు, అన్నిటిదీ ఒకటే కథ. లోడు మీద బండి గుంజదు. పంపు పోయిందని ఎవరో ఒకరు అంటారు. వేలకు వేలు పోసి పంపు మారుస్తారు. వారం తిరక్కుండా అదే ఘాటులో బండి మళ్ళీ నిలబడిపోతుంది. బాడుగ పోయి, పంపు డబ్బు పోయి, చివరికి చెడింది పంపు కాదని తేలినప్పుడు ఆ ఓనరు ముఖం చూడలేం. సొంత బండి మీద బతికేవాడికి అది నెలల సంపాదన.

కాబట్టి మొదటి సలహా ఇదే. పంపు కొనకండి. కనీసం ఈరోజు కొనకండి.

కొత్త పంపు వెతకడం ట్యాంకు మూత దగ్గర మొదలుపెట్టండి

కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కుతున్న రికవరీ బండిని ఊహించుకోండి. వెనక కొక్కేనికి లోడు లారీ వేలాడుతోంది. మలుపులు మొదలైన కాసేపటికే ఇంజను నీరసిస్తుంది. యాక్సిలేటరు అడుగుదాకా తొక్కినా పికప్ లేదు. చివరికి ఆగిపోతుంది. పక్కకు తీసి కాసేపు నిలిపితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. పైన పాలకోవా అంగళ్ళ దగ్గరికి చేరేసరికి మళ్ళీ అదే తంతు.

‘ఫీడ్ పంపు వేడెక్కిందన్నా, మార్చేద్దాం’ అంటాడు మేస్త్రీ. ట్యాంకు నుంచి డీజిల్ లాగి అసలు డీజిల్ పంపుకు అందించే పంపు అది.

అప్పుడు చేయాల్సిన పని ఒకటే. బండి ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే రోగం దొరికినట్టే. ట్యాంకులోంచి డీజిల్ బయటికి పోయేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. అందుకోసం మూతలోనో, ట్యాంకు పైనో సన్నటి దారి ఉంటుంది. ఆ దారి పూడుకుపోతే ట్యాంకు లోపల శూన్యం ఏర్పడి డీజిల్‌ను వెనక్కు పట్టేస్తుంది. మైదానంలో తక్కువ డీజిల్ తాగేటప్పుడు ఇది బయటపడదు. ఘాటులో ఇంజను గుక్క తిప్పుకోకుండా తాగేటప్పుడు బయటపడుతుంది. బండి ఆపితే గాలి మెల్లగా చొరబడి శూన్యం తీరుతుంది. ‘చల్లారాక స్టార్టయింది’ అని మనం అనుకునేది చాలాసార్లు ఇదే.

మన నేల మీద ఈ దారి పూడుకుపోకపోతేనే ఆశ్చర్యపోవాలి. కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ వైపు నల్లరేగడి దుమ్ము. బేతంచెర్లలో నాపరాళ్ళు కోసే పొడి. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు. ముద్దనూరు దగ్గరున్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద మోసే లారీల సంగతి చెప్పనక్కర్లేదు. ఈ దుమ్ములన్నీ మూత అంచున చెమ్మగా ఉండే డీజిల్‌కు పట్టుకొని గట్టి ముద్దయిపోతాయి. సన్నటి తీగతో పొడిచి, మూతను శుభ్రమైన డీజిల్‌లో కడిగితే పోయే ముద్ద అది. దానికోసం పంపు మార్చినవాళ్ళున్నారు.

మూత బాగుంటే ట్యాంకు లోపలికి పోండి. అడుగున డ్రెయిన్ బోల్టు విప్పి, మొదట వచ్చే డీజిల్‌ను గాజు సీసాలో పట్టి ఓ గంట కదపకుండా పెట్టండి. అడుగున నీళ్ళు వేరుపడతాయి, తుప్పు ఎర్రగా పేరుకుంటుంది, దుమ్ము బూడిదరంగులో దిగుతుంది. ఆ సీసాలో కనబడినదంతా కొత్త పంపులోకి పోవడానికి సిద్ధంగా ఉన్నదే. డీజిల్ పంపులో ప్లంజరుకూ బ్యారెలుకూ మధ్య సందు మైక్రాన్లలోనే, అదీ రెండు నుంచి నాలుగు. మనిషి వెంట్రుక దానికి ఇరవై రెట్లు మందం. ఆ సందులోకి సిమెంటు పొడి పోతే ఎంత ఖరీదైన పంపయినా ఎన్నాళ్ళుంటుంది?

ఇంకో జబ్బుంది. దాన్ని సగం ట్యాంకు జబ్బు అనొచ్చు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు బండి బ్రహ్మాండంగా గుంజుతుంది. సగానికి దిగిందంటే ఎగరేసి ఎగరేసి పోతుంది. ట్యాంకులోకి దిగే సక్షన్ పైపు నడుమ చీలిక ఉంటే ఇలాగే అవుతుంది. చీలిక డీజిల్‌లో మునిగినంతసేపు ఏమీ తెలియదు, పైకి తేలగానే గాలి లాగుతుంది. ఈ లక్షణం ఎవరు చెప్పినా నేను పంపు వైపు కన్నెత్తి చూడను.

పంపును పరీక్షించకండి, పంపుకు ముందున్నదంతా తీసేసి చూడండి

నాకు తెలిసిన పరీక్షలన్నిటిలో దీన్ని మించింది లేదు. పైగా దీనికి పెద్ద ఖర్చు లేదు. శుభ్రమైన పది లీటర్ల క్యానులో మంచి డీజిల్ పోయండి. ట్యాంకు నుంచి వచ్చే పైపును ఫీడ్ పంపు దగ్గర విప్పేసి, దాని బదులు క్యాను నుంచి కొత్త పైపు పెట్టండి. పైపు పారదర్శకంగా ఉండాలి, అది ముఖ్యం. రిటర్న్ పైపును కూడా క్యానులోకే తిప్పండి. క్యానును సైలెన్సరుకూ టర్బోకూ దూరంగా ఛాసిస్‌కు గట్టిగా కట్టండి. కేబినులో మాత్రం పెట్టుకోకండి. బీడీ, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. ఎయిర్ తీసి, స్టార్టు చేసి, రైజింగ్ ఇచ్చి చూడండి. ఇంజను గుక్క తిప్పుకోకుండా లాగిందంటే పంపు మంచిదే. రోగం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది.

ఆ పైపులోకి కాస్త వంగి చూడండి. మంచి డీజిల్ నిలువెల్లా ఒకే రంగులో, కదులుతున్నట్టే తెలియకుండా పోతుంది. తర్వాత ట్యాంకు నుంచే లైను కలిపి, మధ్యలో ఓ జానెడు ఇదే పారదర్శక పైపు పెట్టండి. గాలి లాగుతుంటే సన్నటి బుడగలు వరసగా పోతాయి. రైజింగ్ పెంచినకొద్దీ అవి ముక్కలై నురగలా మారతాయి. ఆ నురగను ఒత్తి నాజిల్ దాకా పంపడం ఏ పంపు వల్లా కాదు. గాలి లోపలికి పోయే చోట డీజిల్ బయటికి కారదు, అందుకే వెతికినా తడి కనిపించదు. ‘లీకేజీ ఎక్కడా లేదు మేస్త్రీ’ అనే మాట దగ్గరే చాలామంది మోసపోతారు. బ్యాంజో బోల్టు కింద అరిగిన కాపర్ వాషరు, ఎండకు బీటలు తీసిన రబ్బరు పైపు, క్లిప్పు బదులు చుట్టిన కట్టుతీగ, ఇవన్నీ చూడండి. ముఖ్యంగా కట్టుతీగ. రికవరీ బండ్లకు అది ఎలా వస్తుందో నాకు తెలుసు. అర్ధరాత్రి డోన్ దగ్గరో ప్యాపిలి దగ్గరో రోడ్డు పక్కన చేసిన తాత్కాలిక ఏర్పాటు, పొద్దున్నుంచి శాశ్వతమైపోతుంది.

రిటర్న్ పైపును క్యానులోకి తిప్పకుండా ట్యాంకులోకే వదిలేస్తే క్యాను చూస్తుండగానే ఖాళీ అవుతుంది. ఇంజను అంత తాగిందా అని భయపడతారు. తాగలేదు. తర్వాతి సలహాకు మూలం అక్కడే ఉంది.

పెద్ద పంపు అడగకండి

లోడు లాగే బండి కాబట్టి పెద్ద పంపు వేయించుకోమనే సలహా మన షెడ్డుల్లో బాగా చెల్లుతుంది. ఓ లెక్క చూద్దాం. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతూ, గట్టి లోడు మీద గంటకు 25 లీటర్లు తాగుతోందనుకోండి. ఫోర్ స్ట్రోక్ ఇంజను కాబట్టి ఒక్కో సిలిండరులో రెండు చుట్లకోసారి డీజిల్ పడుతుంది. అంటే ఆరింటికీ కలిపి సెకనుకు 100 సార్లు. పంచితే ఒక్కో విడతకు వచ్చేది సుమారు 70 ఘన మిల్లీమీటర్లు. ఇంకు ఫిల్లరుతో వేస్తే చుక్కన్నర. అంతే.

ఫీడ్ పంపు పంపేది ఇంతకంటే చాలా ఎక్కువ. అక్కర్లేనిది ఓవర్‌ఫ్లో వాల్వు మీదుగా ట్యాంకుకు తిరిగిపోతుంది. క్యాను అంత తొందరగా ఖాళీ అయింది అందుకే. కాబట్టి ఫీడ్ పంపు సైజు పెంచితే ఇంజనుకు అదనంగా ఒక్క చుక్క కూడా చేరదు, తిరుగు డీజిల్ పెరుగుతుందంతే. సక్షన్ లైను పూడుకుపోయి ఉంటే పెద్ద పంపు ఇంకా గట్టిగా పీలుస్తుంది, మెత్తబడిన పైపు లోపలికి అతుక్కుపోతుంది. గొంతు పట్టుకున్నవాడి చెయ్యి విడిపించకుండా పెద్ద చెంబుతో నీళ్ళు పోసినట్టు ఉంటుంది ఆ వైద్యం.

ఇక అసలు డీజిల్ పంపులోనే డోసు పెంచుకుందామనేవాళ్ళకు గట్టిగానే చెప్పాలి. సీలు తెంపి, ఫుల్ లోడు స్క్రూ తిప్పితే మొదటి రోజు బండి గుర్రంలా పోతుంది, నిజమే. వెనక నల్లటి పొగ కూడా వస్తుంది. ఆ పొగే సాక్ష్యం. సిలిండరులో ఉన్న గాలికి సరిపోయినంత డీజిలే మండుతుంది, మిగిలింది మసి అవుతుంది. ఎగ్జాస్టు వేడి ఎక్కుతుంది. రికవరీ బండి లోడు లారీని తగిలించుకొని, తక్కువ స్పీడులో, ముందు నుంచి గాలి తగలకుండా, మే నెల మధ్యాహ్నం, నిమిషాల తరబడి ఫుల్ లోడు మీద ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద పోయే లారీకి ఆ వేడి నుంచి ఊపిరి తీసుకొనే సందు దొరుకుతుంది, దీనికి దొరకదు. హెడ్ గాస్కెట్టు, పిస్టను, టర్బో, ఏది ముందు పోతుందో చెప్పలేం గానీ ఏదో ఒకటి పోతుంది. ఘాటులో పికప్ కావాలంటే ఒక గేరు కిందికి దించి ఇంజనును దాని చుట్లలో ఉంచండి. పంపు స్క్రూ కంటే గేరు రాడ్డు ఎక్కువ పని చేస్తుంది.

ఎండను తిట్టకండి

నంద్యాలలో, కర్నూలులో ఎండాకాలం 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. ‘ఎండకు డీజిల్ ఆవిరై లాకయింది’ అనే మాట అందుకే బాగా నమ్మబుద్ధేస్తుంది. ఆ జబ్బు పాత కార్బురేటరు పెట్రోలు బండ్లది. డీజిల్ మరగడం మొదలుకావాలంటేనే 150 డిగ్రీలు దాటాలి. ఫీడ్ లైనులో అంత వేడి ఉండదు.

వేడికి అయ్యేది వేరు. డీజిల్ పలచబడుతుంది. ప్లంజర్లు బాగున్న పంపుకు దానివల్ల ఇబ్బంది లేదు. అరిగిన పంపులో పలచటి డీజిల్ సందుల్లోంచి వెనక్కు జారిపోతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి జారడానికి తీరిక కూడా ఎక్కువ. అందుకే పొద్దున చల్లగా ఒక్క సెల్ఫుకు స్టార్టయిన బండి, మధ్యాహ్నం టీ తాగొచ్చేసరికి ఎంతకీ అందుకోదు. రోటరీ పంపుల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇది మాత్రం నిజంగా పంపు జబ్బే.

దీన్ని తేల్చుకోవడానికి తడి గోనెసంచి కప్పే అలవాటు మనకుంది. బండి ఆపి, పంపు మీద తడిపట్టా వేసి కాసేపు ఉంచాక స్టార్టయితే, ఎలిమెంట్లో (ప్లంజరు, బ్యారెల్ జతలో) రోటరో అరిగినట్టు గట్టి ఆధారం. అంతవరకే దాన్ని వాడండి. రోజూ అదే పట్టాతో నెట్టుకురావొద్దు. కాలుతున్న రోటరీ పంపు మీద బకెట్టెడు చల్లటి నీళ్ళు గుమ్మరించమనే సలహా అసలు వినొద్దు. బయటి బాడీ ఒక్కసారిగా ముడుచుకుంటుంది, లోపల వేడిగా ఉన్న రోటరు ఇంకా ముడుచుకోదు. మైక్రాన్ల సందు మూసుకుపోయి రోటరు పట్టేస్తుంది. బాగుచేయించుకుందామనుకున్న పంపు పాత ఇనుముకు పోతుంది.

డబ్బు తర్వాత, ముందు పాత పంపు తీసుకుపోండి

అన్నీ చూశాక పంపు నిజంగా పోయిందని తేలిందనుకుందాం. ఇప్పుడు ఎంపిక. ‘లేలాండుకు పంపు ఇవ్వు’, ‘టాటాకు పంపు ఇవ్వు’ అని అంగడి ముందు నిలబడి అడగకండి. బండి పేరు మీద పంపు కొంటే నష్టపోయేది మీరే. పాత పంపు పక్కన చిన్న రేకు రివెట్లతో బిగించి ఉంటుంది. మసి పట్టి కనబడదు. డీజిల్ గుడ్డతో తుడిచి, సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ నంబరే మీరు కొనబోయే సరుకు.

బాష్ ఇన్‌లైన్ పంపు మీద పీఈఎస్ 6ఏ 95డీ అని మొదలయ్యే నంబరు ఉందనుకోండి. అందులో 6 అంటే సిలిండర్లు ఆరు. ఏ అంటే పంపు సైజు. 95 అంటే ప్లంజరు వ్యాసం 9.5 మిల్లీమీటర్లు. ఆ 95 జాగాలో 90 ఉన్న పంపు కూడా మీ ఇంజనుకు చక్కగా బిగుసుకోవచ్చు, బయటికి తేడా తెలియదు. కానీ ఒక్కో విడతకు పడే డీజిల్ మారిపోతుంది. పాత పంపుల మీద మైకో అని, కొత్తవాటి మీద బాష్ అని చూసి కంగారు పడకండి. 1951లో బెంగళూరులో మొదలైన మైకో కంపెనీయే 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. పేరు మారినా చూడాల్సింది నంబరే.

గవర్నరు సంగతి అంతకంటే ముఖ్యం. దీన్ని అడిగే ఓనరు నాకు అరుదుగా కనిపిస్తాడు. ఆర్‌క్యూ రకం గవర్నరు ఐడ్లింగునూ పైవేగాన్నీ మాత్రమే చూసుకుంటుంది, మధ్యలో అంతా డ్రైవరు కాలి కింద ఉంటుంది. ఆర్‌ఎస్‌వీ రకం ఏ వేగంలో పెడితే ఆ వేగాన్ని లోడు మారినా పట్టి ఉంచడానికి చూస్తుంది. ట్రాక్టర్లకూ కంప్రెసర్లకూ అది సరిపడే గుణం. మీ రికవరీ బండి పీటీఓ మీద వించి తిప్పేటప్పుడు రోపు మీద బరువు పడగానే ఇంజను మూలిగి పడిపోతుందా, నిలదొక్కుకుంటుందా అన్నది చాలావరకు ఈ గవర్నరు చేతిలో ఉంది. కంపెనీ ఏది పెట్టిందో అదే వేయించండి.

క్వారీ జనరేటరు నుంచి దించిన పంపు చౌకగా వస్తోంది, సైజూ అదే అని ఎవరైనా చెబితే దణ్ణం పెట్టి వచ్చేయండి. జనరేటరు ఇంజను నిమిషానికి 1500 చుట్ల దగ్గర స్థిరంగా నిలవాలి, 50 హెర్ట్జ్ కరెంటు రావాలంటే అంతే తిరగాలి. దాని గవర్నరును అందుకే బిగిస్తారు. ఆ పంపు లారీకి వేస్తే సమతలం మీద కూడా బండి పరుగెత్తదు. పంపు మంచిదే, నాజిళ్ళు మంచివే, ఎయిర్ లేదు, అయినా బండి గుంజడం లేదని షెడ్డులోవాళ్ళు తలలు పట్టుకుంటారు.

కొత్త పంపు కంటే బాగుచేసిన పాత పంపు మేలు, కళ్ళతో చూస్తేనే

ఇన్‌లైన్ పంపు విషయంలో నా అభిప్రాయం ఇది. మీ ఇంజనుతో పాటు వచ్చిన పంపు బాడీ, క్యామ్ షాఫ్టు బాగుంటే, మంచి ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు వేయించి కాలిబ్రేషన్ చేయించుకోండి. ఊరూ పేరూ లేని కొత్త పంపు పెట్టెకన్నా అది నమ్మకం. అయితే కాలిబ్రేషన్ చేసేటప్పుడు మీరు అక్కడే ఉండాలి. పంపు ఇచ్చేసి సాయంత్రం వస్తానని పోకండి.

టెస్ట్ బెంచి ముందు నిలబడితే ఆరు గాజు గొట్టాలు కనిపిస్తాయి. పంపు తిరుగుతుంటే ఒక్కో లైను నుంచి కాలిబ్రేషన్ ఆయిలు ఒక్కో గొట్టంలోకి చిమ్ముతుంది. లెక్కపెట్టిన స్ట్రోకులు పూర్తికాగానే ఆగుతుంది. నురగ తేరాక ఆరు గొట్టాల్లో మట్టం చూడండి. ఫుల్ లోడు స్పీడులో ఆరూ ఒకే గీత దగ్గర ఉండొచ్చు, దాంతో తృప్తిపడకండి. ‘స్టార్టింగ్ స్పీడులో కూడా ఒకసారి తిప్పు మేస్త్రీ’ అని అడగండి. అరిగిన ఎలిమెంటు నెమ్మదిగా తిరిగేటప్పుడే దొరికిపోతుంది. ఐదు గొట్టాలు నిండుతుంటే ఒకటి అడుగునే నిలిచిపోతుంది. మధ్యాహ్నం స్టార్టు కాని బండి రహస్యం ఆ ఒక్క గొట్టంలో ఉంటుంది. కొలతలు కాగితం మీద రాయించుకోండి. అందులో కనిపించే స్పీడు ఇంజనుదానిలో సగమే ఉంటుంది. పంపు ఇంజను వేగంలో సగమే తిరుగుతుంది కాబట్టి అది తప్పు కాదు.

సెకండ్ హ్యాండ్ పంపే దిక్కయితే మూడు చోట్ల చెయ్యి పెట్టండి. షాఫ్టును పట్టుకొని పక్కలకు ఊపితే ఆడకూడదు. ర్యాకును వేలితో నెడితే ఎక్కడా పట్టకుండా అటూ ఇటూ జారాలి. సొంత ఆయిలు గది ఉన్న పంపయితే అందులో ఆయిలు వేలికి రాసుకొని వాసన చూడండి. నీళ్ళలా పలచగా డీజిల్ కంపు కొడితే ఎలిమెంట్లు కిందికి కారుతున్నట్టు.

కామన్ రైలు బండికి పంపు ఒక్కటే మార్చకండి

దేశమంతా బీఎస్4 వచ్చింది 2017 ఏప్రిల్లో, బీఎస్6 వచ్చింది 2020 ఏప్రిల్లో. ఈ మార్పుల తర్వాత కొన్న బండ్లలో ఎక్కువ భాగం కామన్ రైలు. పాత లెక్కలు ఇక్కడ పనికిరావు. ఇందులో హై ప్రెషర్ పంపు వెయ్యి బార్లు దాటి, కొన్నింటిలో 1600కూ ఆ పైకీ ఒత్తిడి పెంచుతుంది. అలాంటి పంపు లోపల రాపిడి పడి చెడితే ఇనుప రజను పుడుతుంది. ఆ రజను రైలులోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ గుండా ట్యాంకులోకి కూడా పోతుంది. పంపు మాత్రం మార్చి మిగతాది వదిలేస్తే, పాత పంపు రజనే కొత్త పంపును తినేస్తుంది. ఫిల్టరు కోసి చూడండి, ప్రెషర్ వాల్వు తీసి చూడండి. మెరిసే పొడి కనిపిస్తే ట్యాంకు, లైన్లు, రైలు, ఇంజెక్టర్లు అన్నీ చూపించాలి. ఖర్చు ఎక్కువే. అయినా రెండుసార్లు పంపు కొనడం కంటే మేలే.

స్కానరు రైలు ప్రెషర్ తక్కువని చూపించినంత మాత్రాన పంపు పోయినట్టు కాదు. ఇంజెక్టర్లు రిటర్న్ ఎక్కువ వదిలినా ప్రెషర్ పడిపోతుంది. ఫిల్టరు పూడినా పడిపోతుంది. ఇంజెక్టర్ల రిటర్న్‌ను సీసాల్లో పట్టి పోల్చి చూడమని అడగండి.

ఒక్క విషయం మాత్రం ప్రాణం మీదికి వచ్చేది. పాత ఇన్‌లైన్ బండ్లలో ఇంజను నడుస్తుండగా నాజిల్ దగ్గర నట్టు వదులు చేసి ఏ సిలిండరు కొట్టడం లేదో చూసే అలవాటు మన మేస్త్రీలకుంది. కామన్ రైలులో అది చేయనే కూడదు. ఆ ఒత్తిడిలో సన్నటి డీజిల్ చిమ్మితే చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. బయటికి చీమ కుట్టినంత గాయం కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తక్కువే. లోపల కండ పాడైపోతుంటుంది. గుడ్డ చుట్టుకొని పని చేసుకోవద్దు. కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో వెంటనే పోవాలి, ఎంత ఒత్తిడి డీజిలో డాక్టరుకు చెప్పాలి.

బీఎస్6 బండికి ఇంకో ట్యాంకుంటుంది, నీలం మూతతో, యూరియా ద్రావణం కోసం. నిద్రమత్తులో క్లీనరు అది తీసుకెళ్ళి డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం చెవి తిప్పకండి. స్టార్టు చేయనంతవరకు అది ట్యాంకు కడుక్కునే పని. చేస్తే పంపు, ఇంజెక్టర్లు అన్నీ పోతాయి.

చౌక డీజిల్‌కు మురవకండి

సరిహద్దు దాటి కర్ణాటకలో బంకుకు పోయి పోయించుకోవడం వేరు. అది రేటు తేడా, సరుకు అదే. రోడ్డు పక్క బ్యారెళ్ళలో బయోడీజిల్ పేరుతో అమ్మేది, కిరోసిన్ కలిపినది, వీటి సంగతి వేరు. పంపు లోపల భాగాలకు నూనె వేసేది డీజిలే. చాలా రోటరీ పంపుల్లో, కామన్ రైలు పంపుల్లో వేరే ఆయిలు ఉండదు. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు. లీటరుకు మిగిలే రూపాయలు ప్లంజరు మీద గీతలై బయటపడతాయి.

దీనికి విరుగుడని డీజిల్‌లో 2టీ ఆయిలో, వాడిన ఇంజనాయిలో కలపమనే సలహా కూడా వినిపిస్తుంది. బీఎస్6 డీజిల్‌లో గంధకం తగ్గించారు కాబట్టి జిడ్డు పోయిందని దానికి కారణం చెబుతారు. గంధకం తగ్గిన మాట నిజమే. బీఎస్3లో పది లక్షల్లో 350 వంతులు ఉండొచ్చు, బీఎస్4లో 50, ఇప్పుడు 10. శుద్ధి చేసేటప్పుడు సహజమైన జిడ్డు కొంత పోతుంది కూడా. అందుకే ఆయిలు కంపెనీలు దానికి తగిన మందు కలిపే బంకుకు పంపుతాయి. అరుగుదల పరీక్షలో గాటు 460 మైక్రాన్లు దాటకూడదని ప్రమాణమే ఉంది. మీరు ఇంకేమీ పోయాల్సిన పని లేదు. వాడిన ఇంజనాయిల్లో ఇనుప రజను, మసి ఉంటాయి. దాన్ని పంపులో పోయడమంటే ట్యాంకు కడిగిన కష్టమంతా వృథా చేసుకోవడమే. బీఎస్6 బండిలో ఆ ఆయిలు బూడిద పొగ గొట్టంలోని ఫిల్టరును కూడా మూసేస్తుంది.

బిగించిన రోజే లోడు తగిలించకండి

పంపు వచ్చింది, బాడుగ పిలుపు కూడా వచ్చింది, ఈ తొందరలోనే కొత్త పంపులు పాడవుతాయి. ఇన్‌లైన్ పంపుకు సొంత ఆయిలు గది ఉంటే బిగించే ముందే ఆయిలు పోయాలి. ఎండిన గదితో తిప్పితే క్యామూ రోలర్లూ మొదటి గంటలోనే దెబ్బతింటాయి. టైమింగు గుర్తు చూసి బిగించేశాం అంటే ఒప్పుకోకండి, చుక్క ఆగే చోటు చూసి సరిచేయమనండి. గుర్తు దగ్గర కాస్త తేడా ఉన్నా స్టార్టింగ్ కష్టమవుతుంది, పొగ వస్తుంది, ఆ నింద మళ్ళీ పంపు మీదే పడుతుంది. ఎయిర్ తీసేటప్పుడు హ్యాండ్ ప్రైమరు కొడుతూనే ఉండండి. ఫిల్టరు బ్లీడింగ్ స్క్రూ దగ్గర బుడగలు పూర్తిగా ఆగి, డీజిల్ ధార గట్టిగా వచ్చేదాకా సెల్ఫ్ కొట్టొద్దు. కామన్ రైలు పంపును ఎండుగా తిప్పడం ఇంకా పెద్ద తప్పు.

ఎలక్ట్రిక్ ఫీడ్ పంపు వేయించుకున్నవాళ్ళు ఓల్టేజీ చూసుకోండి. పికప్ బండ్లది 12 ఓల్టులు, పెద్ద లారీలది 24. లారీలో 12 ఓల్టుల పంపు పెట్టి ఒకే బ్యాటరీ నుంచి వైరు లాగితే ఆ బ్యాటరీ త్వరగా చస్తుంది, చీకట్లో రోడ్డు మధ్య పంపు ఆగుతుంది.

పంపుతో పాటు రెండు ఫిల్టర్లూ కొత్తవి వేయండి, ఫీడ్ పంపు కింద ఉండే చిన్న గిన్నె జాలీ కడగండి. మొదటి రోజు ఖాళీ బండితో ఓర్వకల్లు దాకానో, మైదుకూరు దాకానో పోయి రండి. వచ్చాక ఆ గిన్నె విప్పి అడుగు వేలితో తుడవండి. ఎర్రటి తుప్పు తగిలితే ట్యాంకు సరిగా కడగలేదన్నమాట, లోడు తగిలించే ముందు దాన్ని దించి మళ్ళీ కడిగించండి. వేలికి ఏమీ అంటకపోతే ఆ సాయంత్రమే బాడుగ ఒప్పుకోవచ్చు.